జంట పిలుపు తీసేశాక

మెదెయీన్, సోమవారం

మా అక్క నుబియాకు మరపు జబ్బు రాబోతోందని మీరు ఊరంతటికీ చెప్పేశారు, డాక్టర్ ఎల్వీరా గారూ.

నోటితో చెప్పలేదు. నేను కట్టిన డేటాబేస్‌లో ఒక నియమం తీసేసి చెప్పారు. ఆ నియమం ఇదీ: కొత్త మందు పరీక్షకు ఆ జబ్బు తెచ్చే జన్యువు ఉన్న ఒకరిని పిలిస్తే, అదే ఇంటి నుంచి అది లేని ఒకరినీ పిలవాలి. ఎవరికి జన్యువుందో పిలుపు అందుకున్నవాళ్లకే కాదు, ఫోన్ చేసే అమ్మాయికి కూడా తెలియకూడదు. వేలమంది నెత్తురూ వంశవృక్షాలూ ఒకచోట చేర్చినప్పుడు నేను మొదట రాసింది ఆ నియమమే. కంప్యూటర్ పని నాకెవరూ నేర్పలేదు. అదే జబ్బుతో పోయిన మా అమ్మను ఊరు ఎలా చూసిందో చూసి ఆ నియమం రాసుకున్నాను.

ఈసారి జంటలు లేవు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక జనం ఊళ్లో రొట్టెల కొట్లో కూర్చుని ఎవరికి ఫోన్ వచ్చిందో పోల్చుకున్నారు. జంటగా రాలేదు కనక వచ్చినవాళ్లకే జబ్బని కాఫీ చల్లారేలోపు తేల్చేశారు. అక్క అక్కడే పనిచేస్తుంది. రొట్టెలు తూచడం ఆపలేదట. నాతో మాత్రం, "నీ మిషనే ఫోన్ చేసిందిరా," అంది.

నియమం తీయమన్నది మీరేనా?

ఏడిల్సన్

*

మెదెయీన్, బుధవారం

ప్రియమైన ఏడిల్సన్,

నువ్వు సెలవులో ఉండగా తీయించింది నేనే. పరీక్షలో చోట్లు జబ్బున్నవాళ్లకే చాలీచాలవు. లేనివాళ్లకు మందు లేని ఉత్త సూది వేస్తూ, ఉన్నవాళ్లను తిప్పి పంపడం నా వల్ల కాలేదు. మీ అమ్మ ఆఖర్లో నా చెయ్యి పట్టుకుని, "నువ్వెవరి పిల్లవే?" అని అడిగింది. ఆ మాట నన్ను వదలదు.

రేపు మిగతావాళ్లకూ పేరుకు ఫోన్లు చేయిస్తాను. అందరికీ వస్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. మొదటి ఫోన్ పొరపాటున వచ్చిందని నుబియాతో చెప్పు. ఒక్క అబద్ధం, బాబూ. కోపం తగ్గాక మా ఇంటికి భోజనానికి రా.

నీ మేలు కోరే,
ఎల్వీరా

*

ఊరి నుంచి, శుక్రవారం

డాక్టర్ గారూ,

మీ రెండో ఫోన్లు వచ్చాయి. మొదట రానివాళ్లకే వచ్చాయి కనక మిగతా సగానికి జబ్బు లేదని కూడా తేలిపోయింది. కింది వీధిలో టపాకాయలు కాల్చారు. ఒకాయన అందరికీ సారా పోయించి, అక్క కనబడగానే గ్లాసు దించేశాడు.

నాకు వచ్చింది రెండో ఫోనే. అంటే నాకు జబ్బు లేదు. సంతోషం వస్తుందేమోనని చాలాసేపు కూర్చున్నాను. ఏమీ రాలేదు. అక్క వేడి బెల్లం నీళ్లు తెచ్చి, "తాగరా, నీకు పండగ కదా," అంది. వెటకారం కాదు. మీ అబద్ధం నా నోట రాలేదు.

పేర్లనూ కోడ్ నంబర్లనూ కలిపే ఫైలు ఇప్పుడు మీ సర్వర్‌లో లేదు. ఉన్న ఒక్క ప్రతినీ ఒక చిన్న డ్రైవ్‌లోకి తీసి అక్క చేతికిచ్చాను. మీ తెర మీద నంబర్లే కనబడతాయి, ఏది ఎవరిదో తెలియదు. "పరీక్ష ఆగిపోతుంది, నీకు రావలసిన మందూ ఆగిపోతుంది," అని అక్కకు చెప్పాను. "ఆగనీ. నా పేరు ఎవరి చేతిలో ఉండాలో ముందు అది తేలనీ," అంది.

ఆదివారం పూజ అయ్యాక రొట్టెల కొట్టుకు రండి. కుర్చీ వేస్తాం. చేసిందేమిటో మీ నోటితో చెప్పి, ఇకమీదట జంటగానే పిలుస్తామని అందరి ముందూ రాసివ్వండి. లేకపోతే ఆ డ్రైవ్ పొయ్యిలోకి పోతుంది. పొయ్యి వెలిగించేది అక్కే.

వస్తారో రారో రేపు మధ్యాహ్నం పన్నెండు లోపు ఈ మెయిల్‌కే జవాబు రాయండి.

ఏడిల్సన్