రెండో మంచం

సెన్యా దీవి,
నవంబరు 14, 1994

హాల్వోర్‌కి ఎగిల్ రాయునది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగానే ఉండి ఉంటావు, సముద్రపు పాయకు అవతల నీ పొయ్యి పొగ రోజూ కనిపిస్తూనే ఉంది. నా రాత సంగతి నీకు తెలిసిందే. బడిలో దాన్ని చూసి ముందు నవ్వినవాడివి నువ్వే.

విషయానికి వస్తాను. ఇంకో వారం పది రోజుల్లో సూర్యుడు కొండ వెనక్కి పోతాడు, మళ్ళీ జనవరి దాకా మొహం చూపించడు. ఇంకో చలికాలం చీకట్లో కూచోడం నావల్ల కాదు. అందుకని మొన్న పడవెక్కి ట్రోమ్సోలో టికెట్ల ఆఫీసుకు పోయాను. అక్కడి అమ్మాయి స్పెయిన్ బొమ్మల పుస్తకం ముందు పెట్టింది. ఏ పేజీ తిప్పినా అదే ఎండ, అదే గొడుగు, అదే పడుచుపిల్ల. మయోర్కా అంది. చలికాలంలో అక్కడ సగం హోటళ్ళకు తాళాలే, వద్దన్నాను. టెనెరిఫె అంది. కొండలెక్కడానికైతే మన దీవిలో లేవా అన్నాను. "పోనీ తాతా, మీరెప్పుడూ వెళ్ళే గ్రాన్ కనారియాకే రాసెయ్యనా?" అంది. అదీ వద్దన్నాను.

కిందటిసారి మనిద్దరం పోయినప్పుడు అక్కడేం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. వచ్చే ఏడు టోరెవియేహా పోదాం, అక్కడి ఉప్పు మడుగు మోకాళ్ళకు మంచిదట అన్నావు. "ఒరేయ్, జన్మంతా చేపల పడవ మీద ఉప్పునీళ్ళలోనే నానావు కదరా, ఇంకా చాలలేదా?" అన్నాను. తమాషాకి అన్న మాట అది. దానికి నువ్వు అందరి ముందూ, "అసలు నీకు స్పెయిన్ దేనికిరా? ఇంత దూరమొచ్చి మన పేపరే చదువుతావు, మన మాంసం ఉండలే తింటావు. ఇంట్లో పెద్ద బల్బు పెట్టుకుని దాని కింద పడుకో, సరిపోద్ది" అన్నావు. జనం నవ్వారు. అప్పట్నుంచి రెండు చలికాలాలు ఎవరి కొంపలో వాళ్ళం కూచున్నాం. తప్పు నీదేనని ఇప్పటికీ అంటాను. మాంసం ఉండలు మంచి తిండి.

సరే, టోరెవియేహాకే రాయించాను. నీ మోకాళ్ళ కోసమని మురిసిపోకు. ఆ స్పెయిన్ దీవుల్లో కంటే అక్కడ ఎండ తక్కువట. ఎండ ఎక్కువైతే నేను ఉడికిన రొయ్యలా తయారవుతాను. హోటల్లో కింది గది, మెట్లు లేవు. అది నా పెట్టె బరువని తీసుకున్నాను.

చిక్కల్లా ఒకటే. ఒంటి మనిషికి గదులు లేవట, రెండు మంచాల గదే ఉందట. ఖాళీ మంచానికి డబ్బు పోసే వెధవను నేను కాను. కాబట్టి నువ్వు రావచ్చు. కిటికీ పక్క మంచం నాది. గురక పెడితే బూటు విసురుతాను.

జవాబు రాయక్కర్లేదు. వస్తానంటే శుక్రవారం సాయంత్రం నీ పడవల కొట్టంలో దీపం వెలిగించు, చాలు. రానంటే వెలిగించకు. నేనేమీ కిటికీ దగ్గర కాచుకుని కూచోను.

ఇట్లు,
ఎగిల్

తా.క.: ఒంటి మంచం గదులు కావలసినన్ని ఉన్నాయి. ఆ అమ్మాయి ముందు అదే రాసింది. నేనే కొట్టేయించాను. రెండో మంచానికి డబ్బు కూడా కట్టేశాను.