కింది మూల బెత్తెడు

ప్రాంతీయ చేతిపనివారల సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా అల్లికను తమ కార్యాలయంలో ఎవరో విప్పి, తిరిగి అల్లి, ఆపై తిరస్కరించినందుకు విచారణ కోరుతూ.

నూలు దారంతో గోడ తెరలు అల్లే నేను తమ సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు చేయడం ఇది మూడోసారి. సభ్యులకు తప్ప ప్రదర్శనశాలలో గోడ ఇవ్వరు గనుక తొమ్మిదేళ్ళుగా నా తెరలు మా స్నానాల గది దారిలోనే వేలాడుతున్నాయి. మూడుసార్లు కాదన్నవారిని నాలుగోసారి చూడరని తమ నిబంధన. కావున మనవి చేయునది:

1. నమూనా తెరను తిప్పి పంపుతూ "ఇది ఇద్దరి పని, దరఖాస్తుదారు సొంతంగా అల్లినది కాదు" అని రాశారు. అబద్ధం.

2. నాది ఎడమచేతివాటం. నా ముడులన్నీ ఎడమకే వాలతాయి. తిరిగొచ్చిన తెరలో కింది మూల బెత్తెడు మేర ముడులు కుడికి వాలి ఉన్నవి. అవి ఎవరివి? తెర తమ బీరువాలో పదకొండు రోజులుంది. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో తెలుపగలరు.

3. తెర అప్పగించిన రోజున తమ గుమాస్తా దాన్ని రెండుసార్లు తిరగేసి చూసి "చాలా బాగుందమ్మా" అన్నాడు. ఊరికే ఎవరూ అలా అనరు.

4. ఎంపిక కమిటీలోని తివాచీలావిడ మొన్న బస్టాపులో నన్ను చూసి గొడుగు అడ్డం పెట్టుకుంది. ఆవేళ వానా లేదు, ఎండా లేదు.

5. ఇంట్లోవాళ్ళే చేశారేమో అని తమరు అనవచ్చు. ఇంట్లో ఉన్నది నేనూ, మా అత్తగారూ. నాకీ పని నేర్పింది ఆవిడే. మూడేళ్ళ క్రితం ఆవిడకు కుడిచేయి పడిపోయింది. మంచినీళ్ళ గ్లాసు సైతం నేనే అందిస్తున్నాను. కావున అనుమానానికి మా ఇంట తావు లేదు.

ఈ అర్జీని చిత్తగించి, తమ చిత్తంలో ఏముందో రాతపూర్వకంగా తెలుపవలెను.

తమ విధేయురాలు (ఇప్పటివరకు),
దరఖాస్తుదారు

తా.క.: కవరు అంటించే ముందు తప్పులున్నాయేమోనని మా అత్తగారికి చదివి వినిపించాను. ఐదో అంశం దగ్గర ఆవిడ గోడవైపు తిరిగింది.

"ఆ మూల నేనే విప్పానమ్మాయ్. వదులుగా అల్లి చచ్చావు. నువ్వు ఫారానికి ఫొటో దిగడానికి వెళ్ళినప్పుడు సరిచేశా."

"ఏ చేత్తో?"

"ఈ చేత్తోనే. ఆడటం మొదలెట్టి నాలుగు నెలలైంది."

"మరి చెప్పరేం అత్తయ్యా? ఆ గ్లాసు..."

"చెబితే అందించడం మానేస్తావుగా!"

నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. తెరను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశాను. ఆ బెత్తెడూ నా పనికంటే బిగువుగా ఉంది. మళ్ళీ రాసే ఓపిక లేదు గనుక 1, 2, 3, 5 అంశాలను ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. గొడుగు సంగతి మాత్రం తేలాలి.

తమరు రాసింది నిజమే, అది ఇద్దరి పనే. దయచేసి ఈ మూడోసారిని లెక్కలోంచి తీసేసి, రెండు దరఖాస్తు ఫారాలు పంపండి. ఆవిడది ఆవిడే నింపుతుందట. నేను పక్కనే కూర్చుని చూస్తాను.

ఈ పూట కూడా గ్లాసు నేనే అందించాను.