అక్షరాల ఊళ్లో నీ పడవ

సుధాకర్‌కు అక్క వందనాలు.

నువ్వు పోయి ఏడాది దాటింది. నాయిన కొంచెం తేరుకున్నాడు, అమ్మే ఇంకా తేరుకోలేదు. ఓర్వకల్లులో ఈసారీ వానల్లేవు...

అవన్నీ నీకు తెలిసినవే. వేరే సంగతి చెప్పాలని కూర్చున్నాను. నీ ఆటలోకి పోయొచ్చాను రా!

నవ్వకు. కర్నూలు బస్టాండు పక్కన నెట్ సెంటర్లో శనివారం శనివారం కూర్చుని ఎక్కడెక్కడివాళ్లతోనో మాటలు రాసుకుంటూ ఆడేవాడివే, అదే ఆట. కామెర్లతో పడకేసినప్పుడు కూడా నీకు దాని దిగులే. "అక్కా, ఆడ నాకోసం కాచుకోని ఉంటారు. యాడికి పోయినాడో అనుకుంటాంటారు" అన్నావు. ఆ మాట నన్ను వదల్లేదు. ఇంక రాడని వాళ్లకెవరు చెప్పాలి? నేనే గదా?

చెప్పడం అంత సులువా! నల్లటి తెర, తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు, అంతే. నడవాలంటే ఉత్తరమనో దక్షిణమనో కొట్టాలి. చూడాలంటే చూడు అని కొట్టాలి. "దాన్లో బొమ్మలుండవక్కా, సదువుకుంటే కనపడతాది" అనేవాడివి. నాకేం కనపడలేదు. కాన్వెంటులో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్నయ్యుండీ, వాళ్ల నియమాల పేజీలు చదవలేక తల పట్టుకున్నాను. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికి.

ఎలాగో ఆ ఆటలోని ఊరి వాకిలి దాకా చేరాను. నువ్వెవరని అడిగారు. నాకు తెలిసింది మన చర్చి పద్ధతే... కొత్తవాళ్లు లేచి నిలబడి పేరూ, ఊరూ, ఎవరి బిడ్డో చెప్పి వందనాలు చెప్పాలి. అట్లే రాశాను. అందరికీ వందనాలు, నా పేరు మేరీ, ఓర్వకల్లు ఏసన్న బిడ్డను, సుధాకర్ అక్కను అని. అంతే, బయటికి తోసేశారు! ఆ ఊళ్లో బయటి లోకం మాట ఎత్తకూడదట. అక్కడెవరూ అసలు పేరుతో ఉండరట. ముందు ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి కథ రాసి పంపాలి. అక్కడి పెద్దలు చదివి సరే అంటేనే లోపలికి.

రాకుమారి కథ రాస్తే వద్దన్నారు. మంత్రగత్తె అంటే, ఇప్పటికే చాలామంది ఉన్నారన్నారు. మీరూ వద్దు, మీ ఊరూ వద్దని బస్సెక్కేశాను. దారిలో ఒక చేలో బోరు వేయడానికి ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్లు చూస్తూ తిరుగుతున్నాడు. మరుసటి శనివారం అదే రాసి పంపాను. అరచేతిలో టెంకాయ నిక్కి నిలబడిన చోట నీళ్లున్నాయని చెప్పే ఆడమనిషి. ఒప్పుకున్నారు! మనం రోజూ చూసేది వాళ్లకంత వింతయిందా?

లోపల ఉత్తరం, ఉత్తరం అని కొట్టుకుంటూ పోతే ఒక లోయ వచ్చింది. పేర్చినట్టున్న ఎర్రబండలు, అడుగున సన్నగా నది, అంచున పాతకోట... మళ్లీ మొదటి నుంచి చదివాను. మన గండికోట రా! చర్చి యూత్ వాళ్లతో పోయినప్పుడు, పిలిచినా పలకకుండా ఆ అంచునే కూర్చుండిపోయావే. ఆ చోటు రాసింది ఏడాదిగా కనపడని తమ పడవవాడేనని అక్కడివాళ్లు చెప్పారు, అది నువ్వు కాక ఇంకెవరు? బొమ్మ లేకుండానే పెన్న కనపడింది నాకు. ఎండకు కాలిన బండ వాసన కూడా తగిలింది. ఉత్త మాటలతో ఇంత పని చేయొచ్చా సుధా?

రేవులో నీ పడవ కట్టేసి ఉంది. అక్కడ నువ్వు పడవవాడివట. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా, వస్తావని కాచుకుని ఉన్నారు, ఏయే దేశాలవాళ్లో. బయటి మాట చెప్పకూడదు గదా? అందుకే నీళ్లు చూసే ఆడమనిషిగానే చెప్పాను. పడవవాడు జబ్బుచేసి చనిపోయాడు, నేను అతని అక్కను అని.

తెరమీద ఒక్క అక్షరం కదల్లేదు... నెట్ పోయిందనుకున్నాను. పోలేదు. చూడు అని కొడితే, అందరూ నీ పడవ చుట్టూ చేరి ఉన్నారు.

తర్వాత ఒక్కొక్కరే రాశారు. నది దాటే పని లేకపోయినా నీ మాటలు వినడానికి పడవెక్కేవాళ్లట. నీ అంత బాగా మాట్లాడేవాడు ఆ ఊళ్లోనే లేడట.

నీ మాటలా? అక్కా అనడానికే ఎన్నిసార్లు తడబడేవాడివి! నత్తికి భయపడి చర్చిలో వాక్యం చదవడానికి ఒక్కనాడూ లేవలేదు. ఇంత మాటకారివా నువ్వు? మా మధ్యే తిరిగావా?

చివరికి ఒకామె అడిగింది, నీ గొంతు ఎలా ఉండేదని. ఏం చెప్పాలి?...

నిదానంగా మాట్లాడేవాడు, వాడి మాట కోసం మేమంతా ఆగేవాళ్లం అని రాశాను. అబద్ధం కాదు గదా?

పడవ నాకిచ్చారు. నాకు ఈత రాదని వాళ్లకు చెప్పలేదులే. శనివారం బడి వదలగానే పోతాను, దాటాలన్నవాళ్లను దాటిస్తాను.

నీ అక్క
మేరీ