ఎముకల పెట్టె

వడ్డేపల్లి,
వైశాఖ బహుళ తదియ, 1941

నా లలితకు,

నువ్వు అలంపూరు, మీ పుట్టింటికి వెళ్లి ఆరు రోజులే. నాకు మాత్రం ఈ ఆరు రోజులూ నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో గడిచాయి. మధ్యాహ్నం మిద్దె మీద కళ్లు మూసుకుంటే ఎముకలన్నీ ఒక్కొక్కటే గాలిలో తేలివచ్చి వాటి చోట్లలో కూర్చుంటాయి. హైదరాబాదులో మా డాక్టరు కాలేజీలో పాఠమంతా ఉర్దూలోనే కదా, ఆ పేర్లే గొణుక్కుంటాను. మెడ కింది ఎముకను హంస్లీ అంటారని చెబితే, "మెడల ఏస్కునే కడియం పేరేనాయె" అని నవ్వావు. కళ్లు తెరిస్తే ఏదీ ఉండదు. ఎండ, కింద ఎడ్ల మువ్వల చప్పుడు.

నీ దగ్గర ఒక మాట దాచాను. నేను పరీక్ష తప్పాను. ఊరంతా డాక్టరుబాబు అంటుంటే చెప్పడానికి నోరు రాలేదు. పరీక్షలో ఒక పెద్దాయన నా చేతిలో చేయి ఎముక పెట్టి, ఇది కుడిదా ఎడమదా అని అడిగాడు. నెలల తరబడి చదివిందంతా ఎటు పోయిందో పోయింది. ఇది ఎవరి చెయ్యో, ఏ పొలంలో కలుపు తీసిన చెయ్యో అనుకుంటూ అట్లాగే నిలబడిపోయాను. వచ్చే నెల మళ్లీ పరీక్ష. ఈసారి తప్పితే పేరు కొట్టేస్తారు. అందుకే పై తరగతి మిత్రుణ్ణి బతిమాలి ఆ ఎముకల పెట్టె తెచ్చుకుని గింజల గదిలో దాచాను. నీకు తప్ప ఎవరికీ చూపలేదు.

నువ్వు వెళ్లాక రెండు రోజులు గద్వాలలో ఉండి వచ్చి పెట్టె తెరిస్తే ఖాళీ. అమ్మ తలెత్తకుండా జొన్నలు చెరుగుతూ, "నేనే నదిల కలిపిన కొడుకా. ఎవరి బొక్కలో ఏమో. గట్ల పెట్టెల పెట్టి తాళమేస్తె ఆ జీవి యాడికి పోవాలె?" అంది.

"అవి లేకుంటె నా సదువు పాయె" అన్నాను.

"నీ సదువుకు ఒకల పానం గిట్ల అల్లాడాల్నా?" అంది.

అప్పటినుంచి అమ్మతో మాట్లాడలేదు. ఇక హైదరాబాదు వెళ్లను లలితా, నాగలి పట్టుకుంటాను. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా కూడా ఉంది. నువ్వేమంటావో అనే ఒక్కటే భయం.

నీ
దశరథం


అలంపూరు,
వైశాఖ బహుళ సప్తమి

శ్రీవారికి, మీ లలితమ్మ దండం పెట్టి రాస్తున్నది.

మీరు నేర్పిన అక్షరాలతో మీకు రాసే మొదటి ఉత్తరం ఇట్లాంటిదవుతుందని అనుకోలేదు. అత్తమ్మ మీతో అబద్ధం చెప్పింది. ఆ ఎముకలు తీసింది నేను.

ఆనాడు మిద్దె మీద మణికట్టు ఎముకలు ఎనిమిదీ నా అరచేతిలో పోశారు. మీరు పేర్లు చెబుతూనే ఉన్నారు, నాకు వినబడలేదు. మా నాన్న శంకరయ్య కరువొచ్చిన ఏడు బొంబాయి దిక్కు కాలువ పనికి పోయి తొమ్మిదేళ్లు. అక్కడే చనిపోయాడని ఎవరో కూలీ కబురు తెచ్చాడు. కళ్లతో చూసినవాళ్లు లేరు, పిడికెడు బూడిదైనా రాలేదు. నమ్మాలో లేదో తెలియక అమ్మ ఇప్పటికీ బొట్టు పెట్టుకుంటుంది. చనిపోతే నావాడని ఎవరూ అడగని కూలీల ఎముకలే ఇట్లా పెట్టెల్లోకి వస్తాయేమో అనిపించింది. అవి నాన్నవే అని అనుకోలేదు. కావు అని కూడా అనుకోలేకపోయాను.

పాత చీరలో మూట కట్టుకుని బండెక్కుతుంటే అత్తమ్మ చూసింది. మూట మీద చెయ్యి పెట్టి, "పో బిడ్డా. వాడడిగితె నేనే అని చెప్త" అంది. తుంగభద్రలో మోకాలి లోతున నిలబడి, పసుపూ బియ్యమూ వేసి, నాన్న పేరు చెప్పి వదిలాను. ఆడవాళ్లు చేయరాదంటారు. నేను చేశాను. నీళ్లు వాటిని తీసుకుపోతుంటే నాన్న కోసం మొదటిసారి ఏడ్చాను. అమ్మకు ఇంకా చెప్పలేదు.

మీ చదువు సంగతి నాకు తట్టనే లేదు. ఆ తప్పు నాదే, అత్తమ్మ మీద అలగకండి. సోమవారం బండిలో వస్తున్నాను. నా చేతులు, భుజాలు, పక్కటెముకలు అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. తడిమి చదువుకోండి. ఎంతసేపైనా కదలకుండా కూర్చుంటాను. మీరు రోజూ గొణిగే పేర్లు నాకూ వచ్చేశాయి, తప్పితే నేను చెబుతాను. నాగలి మాట ఇంకెత్తకండి.

ఒక్కటే అడుగుతాను. మీరు డాక్టరయ్యాక, ఊరు కాని ఊళ్లో కూలీ ఎవడైనా మీ చేతుల్లో పోయేటట్టుంటే, మాట పడిపోకముందే వాడి ఊరి పేరు అడగండి. వాడి ఇంటికి ఒక కార్డు రాయండి.

మీ
లలితమ్మ