మరిది కోసిన రైలు పట్టా

తేదీ పద్నాలుగు, బుధవారం, మధ్యాహ్నం

గడియారాలు బాగుచేసే మరిదికి వదిన దీవించి రాయించునది.

నా వయసు డెబ్బై రెండు. వీధిలో నన్ను మిరపకాయ అత్త అంటారు. ఎదురుగా అనే ధైర్యం నీ ఒక్కడికే ఉండేది. ఇంట్లో ఉండేది నేనూ, మీ అన్నా, ముందు గదిలో పాత తలుపు మీద బిగించిన మీ కరెంటు బొమ్మరైలూ. నాకు అక్షరం ముక్క రాదు గనుక కింది వాటా టైలరమ్మ చేత రాయిస్తున్నాను. చేతిరాత ఆవిడది, తిట్లు నావి.

ఇక్కడ క్షేమం. నీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. తగ్గకపోయినా మా మెట్లు పన్నెండే.

ఇక నా ఫిర్యాదు. మీ అన్న ముప్పై ఏళ్ళు లిఫ్టు నడిపి, పైకీ కిందికీ తప్ప ముందుకు పోని మనిషి. పని మానేశాక ఆయనకు రైలు పిచ్చి ఎక్కించింది నువ్వు. బండి గుండ్రంగా తిరిగితే చాలదా? వెళ్ళిన దారినే వెనక్కి రావాలన్నావు. పట్టాలను ఉంగరంలా తిప్పి మళ్ళీ వాటికే కలిపించావు. అలా ఊరికే కలిపితే కరెంటు కరెంటుతో కొట్టుకుంటుందట. ఇద్దరు తోడికోడళ్ళను ఒకే పొయ్యి దగ్గర నిలబెట్టినట్టని నాకు అర్థమయ్యేలా చెప్పావు. అందుకని ఆ ఆదివారం సన్న రంపంతో పట్టాను కోసి, సందులో ప్లాస్టిక్ ముక్క ఇరికించావు. బండి చక్కగా వెళ్ళి వచ్చింది. ఒప్పుకుంటాను, నేనూ చప్పట్లు కొట్టాను.

మంగళవారం సాయంత్రం, నీ ఎదుటే, సరిగ్గా నువ్వు కోసిన చోట నిప్పురవ్వ లేచింది. కాలిన వాసన వేసి ఇంజను ఆగిపోయింది. నీ రంపమే నా బండిని మింగిందిరా అన్నాడు మీ అన్న. వణికే చేతులతో తీగలు అతికిస్తే ఇంకేమవుతుంది అన్నావు నువ్వు. ఆ చేతుల మాట ఎత్తకుండా ఉండాల్సింది, మరిదీ. టీ గ్లాసు అలాగే వదిలేసి, తీగలు అతికించే నీ కడ్డీ కూడా మరిచి దిగిపోయావు. ఎనిమిది నెలలైంది.

ఇప్పుడాయన రోజూ సాయంత్రం ఆ తలుపు ముందు కూర్చుని ఇంజనును వేలితో తోస్తుంటాడు. నువ్వు కోసిన చోటికి రాగానే పైకెత్తి అవతల పెడతాడు. చక్రం దాటలేక కాదు, ఆ సందు ఎంతని! చూడలేక నేను వంటగదిలోకి పోయి తోమిన గిన్నెలే మళ్ళీ తోముతాను. మా గిన్నెల్లో మొహం చూసుకోవచ్చని నువ్వే అనేవాడివి.

కాబట్టి తప్పు నీది. కోసిందీ నువ్వే, మాట తూలిందీ నువ్వే. పెద్దవాడు మెట్లు దిగడు, నువ్వే ఎక్కాలి. ఆదివారంలోగా రాకపోతే నేనే వచ్చి, నీ కొట్టు ముందు నిలబడి, నీ గడియారాలన్నీ ఉలిక్కిపడేలా పిలుస్తాను.

ఇట్లు,
మీ వదిన
(ఎడమ బొటనవేలి ముద్ర)

సాక్షులు: 1. రాసిన టైలరమ్మ. 2. వీధి చివర రేడియో మెకానిక్

తా.క. రేడియో మెకానిక్ సంతకం పెట్టనంటున్నాడు. సగం మాటకు సాక్షిని కాను పెద్దమ్మా, మిగతా సగం కూడా చెప్పండి అని కలం కింద పెట్టేశాడు. టైలరమ్మా, నవ్వింది చాలు, రాయి.

పోయిన వారం మీ అన్న కునుకు తీస్తుండగా ఇంజనును కొంగులో దాచి ఈ మెకానిక్ దగ్గరకే తీసుకెళ్ళాను. విప్పి, భూతద్దం పెట్టి చూపించాడు. లోపల అయస్కాంతానికి సన్నటి ఇనుప పోగులు గడ్డంలా పట్టుకుని ఉన్నాయి. దీన్ని అంట్లలో గానీ వేశారా అని అడిగాడు. ఇంజనును వెయ్యలేదు. ఆ సోమవారం పట్టాలు నల్లబడ్డాయని, మీ అన్న వంగి తుడవలేడని, మీరిద్దరూ చూసి మురిసిపోతారని, ఇనుప పీచు పెట్టి తోమింది నేనే. వెండిలా మెరిశాయి. ఆ పీచు పోగొకటి నీ కోతకు అడ్డంగా పడి, నువ్వు విడదీసినదాన్ని కలిపేసిందట. నీ కోత సరైనదే. మీ అన్న అతుకూ సరైనదే.

ఇంజను శుభ్రమైంది, యథాస్థానంలో పెట్టాను. పట్టాల సందుల్లో ఇంకా పోగులున్నాయి. ఏరడానికి వణకని చెయ్యి కావాలి. నీ పట్టకారు తెచ్చుకో.

మీ అన్నకు ఇంకా చెప్పలేదు. మీ ఇద్దరినీ ఒకే గదిలో నిలబెట్టి ఒక్కసారే చెబుతాను. రెండుసార్లు చెప్పే బలం నాకు లేదు.

(మళ్ళీ వేలిముద్ర)

సాక్షి: రేడియో మెకానిక్, ఇప్పుడు సంతకం పెట్టాను.