షడ్జం ఒక్కటే ఊదాను

మాస్టారూ,

నిన్న మీ సంవత్సరీకం. మేడ్చల్‌లో మీ ఇంటికి వెళ్లాను. అక్కడ జరిగింది మీకు చెప్పాలనిపించింది.

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. మూడేళ్లు ప్రతి ఆదివారం సుచిత్ర చౌరస్తాలో బస్సెక్కి వచ్చి మీ దగ్గర వేణువు నేర్చుకున్నాను. "రోజు ఊదుతున్నవా?" అని మీరు అడిగినప్పుడల్లా ఊదుతున్నానండీ అనేవాణ్ని. నిజానికి శనివారం సాయంత్రం తప్ప దాన్ని సంచిలోంచి తీసేవాణ్ని కాదు. "పాటలకేం జల్దీ? ముందుగాల షడ్జం, గా 'స' ఒక్కటి నిలవెట్టు. నీ ఊదుట్ల గాలే మస్తు వినవడ్తాంది," అనేవారు మీరు. నాకేమో క్యాసెట్లలో విన్న పాటల మీదే ధ్యాస.

మీరు పోయాక అడిగేవాళ్లు లేరు కదా, మానేస్తాననుకున్నాను. మానలేదు. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు అద్దం ముందు నిలబడి, పెదవులు బిగుసుకోకుండా చూసుకుంటూ అరగంట షడ్జం ఒక్కటే ఊదుతున్నాను. నాలుగు నెలలకు గాలి చప్పుడు తగ్గింది.

నిన్న భోజనాలయ్యాక అమ్మగారు మీ వేణువు తెచ్చి, "ఒక పాట ఊదు బిడ్డా," అన్నారు. పాట ఒక్కటీ సరిగా రాదన్నాను. "వచ్చిందే ఊదు," అన్నారు. షడ్జం అందుకుని చాలాసేపు ఊదాను.

"ఇగ పాటెప్పుడు షురువైతది?" అన్నాడు మీ చుట్టాల్లో ఒకాయన.

నేను ఆపాక అమ్మగారు నాతో, "ఒక్కదాన్నే ఉంటున్న గదా. ఐతారం ఐతారం అచ్చి ఊదిపో బిడ్డా. పాట రాకున్నా మంచిదే," అన్నారు.

ఈ ఆదివారం వెళ్తున్నాను.