చప్పిడి విస్తరి

బొమ్మసంద్ర,
బెంగళూరు.

అక్కకు,

నీ చెల్లెలు రుక్మిణి నీ కాళ్ళకు మొక్కి రాసుకునేది. ఇక్కడ నేనూ, మీ మరిదీ, మా శీనూ బాగున్నాం. కోడలు లత సీమంతం అయ్యాక కాటన్‌పేటలో పుట్టింట్లోనే ఉంది, ఆ పిల్లా బాగుంది. అక్కడ మీరంతా కూడా బాగున్నారని తలుస్తున్నానని రాయాలి. కానీ నువ్వు బాగాలేవని బావ చెప్పాడు కాబట్టి ఆ అబద్ధం రాయను. ఫోనులో నీకు సగం వినపడదు, వినపడిన సగానికి నువ్వు ఒప్పుకోవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదువు. మధ్యలో కోపం వస్తే కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ చదువు.

నీ కాళ్ళు మళ్ళీ ఉబ్బాయట. డాక్టరు ఉప్పు మానమన్నాక ఇంట్లో బాగానే మానావట గానీ, ఎవరింటికి భోజనానికి పోయినా అన్నీ తినేసి వస్తావట. బావ అడిగితే, "నలుగురిలో విస్తరి ముందు కూచోని నాకొద్దంటే పిలిచినోళ్ళకు ఎంత చిన్నతనం" అన్నావట. పిలవని ఇల్లు లేదు నీకు మడకశిరలో. ఇక నువ్వు ఇంట్లో తినేదెప్పుడు? మన నాయనకు చివరి ఏడాది కాళ్ళు అట్లానే ఉబ్బేవి. వేలు పెట్టి నొక్కితే గుంట పడి అట్లే ఉండిపోయేది, మనిద్దరం చూశాం. బావ ఫోను పెట్టేశాక నాకు చాలా భయం వేసింది. నాకు ఉన్నదే ఒక్క అక్క.

నీకు వచ్చిన జబ్బే నాకూ వచ్చింది కదా. నాయన పొలం ఏమీ మిగల్చలేదు గానీ ఈ బీపీనీ, కిడ్నీ జబ్బునూ మాత్రం ఇద్దరికీ సమంగా పంచిపోయాడు. మొన్న చూపించుకున్నప్పుడు డాక్టరు నా కాగితాలు అటూ ఇటూ తిప్పి, "కిడ్నీలు అక్కడే నిలబడ్డాయమ్మా, ఇంకా చెడలేదు, మీరు నిజంగానే ఉప్పు మానారు" అన్నాడు. శీను పదో తరగతి పాసయినప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు. ఎట్లా మానానో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు దిక్కు తోచేది కాదు. మేముండే వీధిలో అందరూ ఫ్యాక్టరీలకు పోయేవాళ్ళే. పొద్దున షిఫ్టు బస్సులు వచ్చి మనుషుల్ని ఎత్తుకుపోతే వీధిలో నేనూ కుక్కలూ మిగులుతాం. ఎండాకాలంలో కూడా సాయంత్రానికి గాలి చల్లబడుతుంది, ఆ ఒక్క సుఖం ఉంది. నీళ్ళు మాత్రం ట్యాంకరు వస్తేనే. ఊరికే కూచోలేక చీర కొంగులకు కుచ్చులు వేసే పని పట్టుకున్నాను. ఒక దుకాణమాయన చీరలు తెచ్చి ఇచ్చి, అయ్యాక తీసుకుపోతాడు. పూసలు గుచ్చి వేసే కుచ్చులు కూడా నేర్చుకున్నాను. నువ్వు చూస్తే నీ పట్టుచీరలన్నీ నా మీద పడేస్తావు.

ఆ కుచ్చుల వల్లే ఇరుగుపొరుగు పరిచయమయ్యారు. పరిచయమయ్యాక ఏముంది, గిన్నెలు రావడం మొదలైంది. కింది ఇంటి కన్నడామె చేతి వంట నిజంగా బాగుంటుందక్కా. చిత్రాన్నం తెస్తుంది, మన చెక్కల్లాంటి నిప్పట్లు తెస్తుంది, గుమ్మంలో నిలబడి నేను నోట్లో పెట్టుకునేదాకా కదలదు. మొదట్లో నేను కూడా నీలాగే మొహమాటపడ్డాను. ఈరోజు నాకు ఒక్కపొద్దు అనేదాన్ని. సోమవారం సరే, శనివారం సరే. మంగళవారం కూడా ఒక్కపొద్దే అంటే ఆమె నన్ను పెద్ద భక్తురాలనుకుని కాళ్ళకు మొక్కబోయింది. ఇంక లాభం లేదని నిజం చెప్పేశాను. "నాకు కిడ్నీ జబ్బు ఉండాదమ్మా, ఉప్పు తినకూడదు. నీ వంట మీద కోపం కాదు" అన్నాను. అంతే. ఆమె ఏమీ అనుకోలేదు. ఇప్పుడు గిన్నెకు బదులు నిమ్మకాయలు తెచ్చిస్తుంది.

మీ మరిది సంగతి కూడా చెప్పాలి. నాకు తోడుగా తానూ చప్పిడి తింటానని అందరి ముందూ శపథం చేశాడు. మూడో రోజే వంటింట్లో తలుపు చాటున మాగాయ నాకుతూ దొరికిపోయాడు. నువ్వు తిను సామీ, నా ఎదురుగా కూచుని తిను అన్నాను. ఎదుటివాడి విస్తట్లో ఊరగాయ చూసి కదిలిపోయే స్థితి దాటిపోయాను. చిన్నప్పుడు పచ్చి చింతకాయకు రాళ్ళుప్పు అద్దుకుని నాలుక పగిలేదాకా తిన్న రుక్మిణేనా ఇది అని నాకే అనిపిస్తుంది.

ఇప్పుడు సీమంతం విషయం. నువ్వు కాళ్ళ వాపుతో రాలేకపోయావు కాబట్టి ఇది నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు.

మా వియ్యపురాలు సరోజమ్మ నీకు తెలుసు కదా, పెళ్ళిలో నీ పక్కన కూచుని తాంబూలం నమిలిన లావుపాటి ఆమె. వాళ్ళది కాటన్‌పేటలో తాతల నాటి అగరుబత్తీల వ్యాపారం. కింద దుకాణం, పైన ఇల్లు. ఆ ఇంట్లో మంచినీళ్ళకు కూడా సాంబ్రాణి వాసన వస్తుంది. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు, ఆమె నాకు అన్నిట్లో సమవుజ్జీ. సీమంతానికి ముందే ఫోన్ చేసి, "వదినా, నీకేం చెయ్యాల చెప్పు" అని అడిగింది. ఏమీ వద్దు, నేను ఉప్పు తినకూడదు, అన్నమూ పెరుగూ చాలన్నాను. "మగపిల్లోడి తల్లికి పెరుగన్నం పెట్టి పంపిస్తే కాటన్‌పేటలో మేము తలెత్తుకుని తిరిగేదెట్లా?" అని నవ్వింది.

ఆ రోజు లతకు గాజులు తొడిగారు, చేతులు మోచేతుల దాకా నిండిపోయాయి. వాళ్ళ ఆనవాయితీ ప్రకారం నల్లచీర కట్టుకుని ఆ పిల్ల ఎంత బాగుందో. పేరంటం అయ్యాక మేడ మీద షామియానా కింద విస్తర్లు వేశారు. మా వైపు వాళ్ళం మొదటి వరసలో కూచున్నాం. వాళ్ళింట్లో ఆచారం ఏమంటే, మగపిల్లవాడి తల్లి తొలి ముద్ద పెట్టుకుంటేనే తక్కిన వరసలు మొదలుపెట్టాలి. సరోజమ్మ వంటవాళ్ళను పక్కకు జరిపి, మూతలు పెట్టిన ఇత్తడి గిన్నెలు తానే మోసుకొచ్చింది. నా విస్తట్లో తన చేత్తో పప్పు, బీరకాయ కూర, చారు వడ్డించింది. "మా వదినకు తెల్లారుజామునే లేచి నేనే వేరేగా చేసిండాను. ఉప్పు ముట్టనే లేదు" అని వరస వరసంతా వినపడేట్టు చెప్పింది.

నాకు కళ్ళు చెమర్చాయి. పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఎంత బాగుందో అక్కా. చప్పిడి పప్పు అంత బాగుండదని నాకు వెంటనే తెలిసిపోయింది. ఇన్ని నెలలు ఉప్పు మానిన నాలుకను ఎవరూ మోసం చెయ్యలేరు.

"వదినా, ఇందులో ఏం వేసినావు?" అని మెల్లగా అడిగాను.

"ఉప్పేం లేదు వదినా. సైంధవ లవణం వేసిండాను, అంతే. ఒక్కపొద్దు దినం కూడా తింటాము కదా. అది ఉప్పెట్లవుతాది?"

ఆమె మొహంలో ఎంత సంతోషం ఉందో నీకు చెప్పలేను. వరసలన్నీ నా చేతివైపే చూస్తున్నాయి. మా శీను చూస్తున్నాడు. లత గాజులు కదలకుండా పట్టుకుని చూస్తోంది. ఒక్కపూటకు ఏమవుతుందిలే, మింగేసి లేద్దాం అని ఒక్క క్షణం అనుకున్న మాట నిజం. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత నీకు తెలుసు, సీమంతం మాటల మధ్యలో దాన్ని పూర్తిగా రాయను. కానీ ఈరోజు సరోజమ్మ, రేపు పురుడు, ఎల్లుండి నామకరణం. ప్రతిదీ ఒక్కపూటే కదా. లత కడుపులో బిడ్డను నేను ఎత్తుకోవాలి, వీధి చివరిదాకా నడిపించుకుపోవాలి. ఉబ్బిన కాళ్ళతో ఆ పని కాదు.

విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. "వదినా, నువ్వు తెల్లారుజామున లేచి చేసినందుకు నీకు దండం. కానీ సైంధవమైనా ఉప్పే. ఒక్కపొద్దుకు దేవుడు ఒప్పుకుంటాడేమో గానీ నా కిడ్నీలు ఒప్పుకోవు. నాకు తెల్లన్నం, పెరుగు పెట్టించు" అన్నాను.

వాళ్ళ మేనత్త ఒకావిడ వెనక వరసలోంచి అందుకుంది. "సీమంతం దినం వియ్యపురాలు విస్తరి ఇడిచిపెట్టి లేస్తే కడుపుతో ఉండే పిల్లకు మంచిదా?"

నాకు ఒళ్ళు మండింది. ఉప్పు మాత్రమే మానాను గానీ కారం మానలేదు కదా. "ఇడిచిపెట్టి లేస్తానని ఎవరు చెప్పిరి? కొత్త విస్తరి వేయించండి, మారు వడ్డించలేక మీరే అలిసిపోతారు" అన్నాను. కొత్త విస్తరి వేశారు. అన్నం పెట్టారు, పెరుగు పోశారు, నిమ్మకాయ బద్ద వేశారు. తొలి ముద్ద పెట్టుకుని, "మీరంతా కానివ్వండి" అన్నాను. అందరూ తినడం మొదలుపెట్టారు. నేను మారు అడిగాను, మళ్ళీ మారు అడిగాను. మెతుకు మిగల్చకుండా తిని, లేచి, లత నెత్తిన అక్షింతలు వేశాను. అంతమందిలో వద్దన్న మాట వద్దన్నట్టే చెప్పి, అన్నం తిన్నట్టే తిన్నాను. నా అంత గొప్పది ఆ పూట ఆ మేడ మీద ఇంకెవరూ లేరని నాకు అనిపించింది. నీ దగ్గర దాచుకునేదేముంది.

సరోజమ్మకు మాత్రం కోపం వచ్చింది. చీర పెట్టి తాంబూలం ఇచ్చేటప్పుడు నా మొహం చూడలేదు. కారులో మీ మరిది, "ఒక ముద్ద తింటే పోయేది కదే" అన్నాడు. కోడలిని పుట్టింట్లో వదిలి వచ్చిన రోజు, వియ్యపురాలు మొహం తిప్పుకుంటే నాకూ బాధ ఉండదా? ఆ వారమంతా కుచ్చులు వేస్తుంటే దారాలు చిక్కులు పడిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. చూస్తే సరోజమ్మ. కాటన్‌పేట దాటి ఒంటరిగా రాని మనిషి, రెండు బస్సులు మారి వచ్చింది. చేతిలో సంచి. కూచోమంటే కూచోలేదు, నేరుగా వంటింట్లోకి పోయింది. "నువ్వు ఈడ నిలబడుకో వదినా. నేను ఏమేస్తానో నీ కండ్లతో చూడు" అని పొయ్యి వెలిగించింది. పప్పు ఉడకేసింది. వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిరపకాయ తాలింపు పెట్టింది, నిమ్మకాయ పిండింది. నేను రుచి చూసి బాగుందన్నాక అక్కడే నేలమీద కూలబడింది.

"మీ అన్నకు బీపీ వచ్చినప్పట్నుంచీ ఉప్పు మాన్పించి సైంధవమే వేస్తా ఉండాను వదినా. మాత్రలు వేసుకుంటా ఉన్నా ఎందుకు దిగలేదో ఎవరికీ తెలీలేదు. ఆ దినం నువ్వు అంతమందిలో అట్లంటివి కదా, ఇంటికొచ్చినోళ్ళంతా పోయినాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే డాక్టరు దగ్గరికి పిలుచుకుని పోయి అడిగితిని. బాగా తిట్టినాడు" అని కళ్ళు తుడుచుకుంది.

ఇద్దరం ఆ చప్పిడి పప్పే కలుపుకుని తిన్నాం. మొహమాటానికి ఆ రోజు ఆ ముద్ద మింగి ఉంటే, మా వియ్యంకుడి గతి ఏమయ్యేదో నువ్వే ఆలోచించు. పిలిచినవాళ్ళకు చిన్నతనం అంటావు నువ్వు. పిలిచినవాళ్ళకు మన ప్రాణం కంటే ఆ చిన్నతనమే ఎక్కువనుకోవడం వాళ్ళను అవమానించడం కాదా?

బావను ఒకసారి మీ వంటింటి అరలు చూడమను. సైంధవ లవణం డబ్బా కనిపిస్తే ఎవరికైనా ఇచ్చేయమను. కాళ్ళ వాపు సంగతి పండగ దాకా ఆపకుండా ఈ వారమే డాక్టరుకు చూపించు. ఇక్కడ దొరకని వస్తువు ఒకటే అడుగుతున్నాను, మన వైపు పెసలు కాసిని విసిరించి పప్పు చేయించి ఉంచు, వచ్చినప్పుడు తెచ్చుకుంటాను.

వచ్చే నెల నీ మనవరాలికి చెవులు కుట్టేటప్పుడు నేను తప్పకుండా వస్తాను. రెండు విస్తర్లు పక్కపక్కన వేయించు. కూరలో ఉప్పు వెయ్యకముందే మనిద్దరికీ తీసి పక్కన పెట్టమని వంటవాళ్ళకు నేనే చెప్తాను. మొదట ఎవరు బలవంతం చేసినా నేను జవాబు చెప్తాను. రెండోసారి వచ్చినవాళ్ళకు నువ్వు చెప్పాలి. గొంతు తగ్గించి కాదు, వరసంతా వినపడేట్టు చెప్పాలి. నేను పక్కనే ఉంటాను.

బావకు నా నమస్కారాలు. పెద్దత్తకు దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. మీ మరిది నిన్ను అడిగానని రాయమన్నాడు, మాగాయ సంగతి మాత్రం రాయొద్దన్నాడు.

ప్రతి ఉత్తరానికీ నన్ను నూరేళ్ళు బతకమని దీవిస్తావు. ఈసారి ఆ దీవెన ఊరికే తీసుకోను. నువ్వు నాకంటే మూడేళ్ళు పెద్ద. నా నూరో ఏట నా నెత్తిన చెయ్యి పెట్టడానికి నువ్వు నూటమూడేళ్ళు ఉండాలి. ఆ లెక్క చూసుకుని తిను.

నీ చప్పిడి చెల్లెలు,
రుక్మిణి